సాకెట్ నుంచి చదివేటప్పుడు రిక్వెస్టు పూర్తయిందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మాది కొమ్ము బొమ్మల దుకాణం. ఆర్డర్లు అందుకోవడానికి పైథాన్‌లో సొంతంగా చిన్న సర్వర్ రాసుకున్నాను. అదే కంప్యూటర్‌లో పరీక్షిస్తే బాగానే ఉంటోంది కానీ, ఫోన్ నుంచి పంపితే ఒక్కోసారి చిరునామా సగంలో తెగిపోతోంది. సాకెట్ నుంచి, అంటే కనెక్షన్‌లో మా వైపు కొస నుంచి, ఒకే విడతలో 1024 బైట్లు చదువుతున్నాను. పోనీ, సున్నా బైట్లు వచ్చేదాకా చదువుదామంటే ప్రోగ్రాం కదలడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే. కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని చేరవేసే టీసీపీకి బైట్ల వరుస మాత్రమే తెలుసు. రిక్వెస్టు ఎక్కడ ముగిసిందో తెలియదు. ఫోన్ ఒక్కసారిగా పంపినది మీకు రెండు మూడు ముక్కలుగా అందవచ్చు. 1024 అనేది ఒక విడతకు గరిష్ఠ పరిమితే తప్ప అన్నీ వస్తాయన్న హామీ కాదు. ఇక సున్నా బైట్లు రావడమంటే అవతలివారు పంపడం ముగించారని అర్థం. వెబ్ రిక్వెస్టుల నియమావళి అయిన హెచ్‌టీటీపీ 1.1లో కనెక్షన్‌ను తెరిచే ఉంచడం ఆనవాయితీ గనుక, ఫోన్ మీ జవాబు కోసం, మీరు ఫోన్ ముగింపు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతారు.

వచ్చిన ప్రతి ముక్కనూ బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) చేర్చుకుంటూ 13, 10, 13, 10 అనే నాలుగు బైట్లు వరుసగా కనిపించేదాకా చదవండి. రిక్వెస్టు వివరాలు చెప్పే హెడర్లు అక్కడ, ఆ బైట్లు సూచించే ఖాళీ వరుసతో ముగుస్తాయి. ఆ తర్వాత వచ్చే అసలు సమాచారాన్ని బాడీ అంటారు. ఆ నాలుగూ రెండు ముక్కల మధ్య చీలి రావచ్చు గనుక కొత్త ముక్కలో కాక బఫర్‌లోనే వెతకాలి. బాడీ ఎన్ని బైట్లో చెప్పే కంటెంట్-లెంగ్త్ హెడర్ ఉంటే ఖాళీ వరుస తర్వాత సరిగ్గా అన్ని బైట్లు చేరాలి. ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ చంక్డ్ (బాడీని భాగాలుగా పంపడం) అయితే ప్రతి భాగానికీ ముందు దాని పరిమాణం హెక్సాడెసిమల్‌లో ఉంటుంది. సున్నా పరిమాణంతో వచ్చేది చివరిది. ఈ రెండు హెడర్లూ లేకపోతే, పేజీని అడిగే మామూలు గెట్ రిక్వెస్టులాగా, ఖాళీ వరుసతోనే రిక్వెస్టు పూర్తవుతుంది. రెండూ కలిసి వస్తే 400 (రిక్వెస్టు సరిగా లేదు) అనే కోడ్ పంపి కనెక్షన్ మూసేయడమే క్షేమం, ఎందుకంటే మధ్యలో రిక్వెస్టులను అందించే ప్రాక్సీ సర్వర్ ఒకలా, మీ సర్వర్ మరోలా లెక్కిస్తే ఒక రిక్వెస్టు చాటున మరొకటి లోపలికి రాగలదు.

తెలుగులో రాసేవారు మరీ జాగ్రత్తపడవలసింది లెక్క దగ్గరే. ‘పర్లాకిమిడి’ కంటికి ఐదక్షరాలు. గుణింతపు గుర్తులనూ పొల్లునూ విడిగా లెక్కించే పైథాన్‌కు 11. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటీ 3 బైట్లు గనుక మొత్తం 33. కంటెంట్-లెంగ్త్ చెప్పేది ఈ 33నే. ముక్క వచ్చినప్పుడల్లా అక్షరాలుగా మార్చి కొలిస్తే లెక్క ఎన్నటికీ కుదరదు, పైగా ఒక అక్షరం నడుమ తెగితే దోషం వస్తుంది. కాబట్టి అంతా చేరాకే మార్చండి. రిక్వెస్టు పూర్తయ్యాక మిగిలిన బైట్లు ఉంటే పారేయకండి, అవి తర్వాతి రిక్వెస్టువి.

పరిమాణానికి హద్దు, చదవడానికి గడువు కూడా పెట్టుకోండి. గడువు దాటితే 408, బాడీ హద్దు దాటితే 413 అనే కోడ్ పంపి కనెక్షన్ మూసేయండి.