లైబ్రరీలో వీడియో పాఠాలు పెట్టబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

ఊరి లైబ్రరీలో కంప్యూటర్‌ని టీవీకి తగిలించి, ఇంటర్ పిల్లలకి యూట్యూబ్‌లో లెక్కల పాఠాలు చూపిస్తావట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే ఛాతీ ఉప్పొంగింది. రాత్రికి ఆ వీడియోల్లో వచ్చే ప్రకటనల గురించి దిగులూ పట్టుకుంది.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అని ప్రకటనలు ఆపే బ్లాకర్ ఉంటుంది, అది వేసుకో, యూట్యూబ్ తెచ్చిపెట్టే ప్రకటనలు చాలావరకు ఆగుతాయి. టీవీలో ఉండే యూట్యూబ్ యాప్ జోలికి పోకు, అందులో ఇలాంటి బ్లాకర్లు ఎక్కవు.

అయితే "ప్రకటనలన్నీ బ్లాక్ చేసేశా" అన్నావట. ఆ మాట ఇంకెక్కడా అనకు. పాఠం చెప్పే మనిషే మధ్యలో ఆగి ఫలానా యాప్ వేసుకోమంటే బ్లాకర్ ఏం చేస్తుంది? అది విడిగా ఎక్కడి నుంచో రాదు, వీడియోలో భాగమే. డబ్బు కట్టి, ప్రకటనలు రాని యూట్యూబ్ ప్రీమియం తీసుకున్నా అది ఉంటుంది.

నేను పనిచేసిన ఊళ్లో ఒక కుర్రాడు నీలాగే మంచి మనసుతో సెంటర్ పెట్టాడు. బ్లాకర్ ఉందిగా అని పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి వెళ్లిపోయేవాడు. ఒకరోజు ట్రిగనామెట్రీ. వీడియోలో సారు బోర్డు మీద లెక్క సగంలో ఆపి, చేతిలో చాక్‌పీసుతోనే ఇటు తిరిగి, తీరిక వేళల్లో ఒక యాప్‌లో ఆడి సంపాదిస్తున్నానన్నాడు. మళ్లీ అటు తిరిగి లెక్క పూర్తిచేశాడు. ఒక పిల్లాడు ఆ యాప్ పేరు నోట్సులో సూత్రం పక్కనే రాసుకున్నాడు. ఆ పేజీ నేను కళ్లారా చూశాను. వాళ్ల నాన్న ఎరువులకని దాచిన డబ్బు మొత్తం అందులో పోయింది. ఎందుకు పెట్టావురా అంటే "సారే చెప్పారు కదండీ" అన్నాడు. సారు మాట వినమని వాడికి నేర్పింది మనమే కదమ్మా! వాణ్ణి తిట్టడానికి నాకు నోరు రాలేదు.

డబ్బు పెట్టి ఆడే ఇలాంటి ఆన్‌లైన్ ఆటల్నీ, వాటి ప్రకటనల్నీ 2025లో కేంద్రం నిషేధించింది. కానీ పాత వీడియోలో అన్న మాట అందులోనే ఉండిపోతుంది.

అందుకని బ్రౌజర్‌లో స్పాన్సర్‌బ్లాక్ అనేది కూడా వేసుకో, పాఠం మధ్యలో సారు చెప్పే ఇలాంటి ప్రకటనల్ని దాటించేది అదే. 2019లో అజయ్ రామచంద్రన్ అనే కుర్రాడు చేశాడు, ఉచితం. ప్రకటన ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో చూసినవాళ్లు గుర్తు పెడితే, తర్వాత చూసేవాళ్లకి ఆ ముక్క దాటిపోతుంది. ఎవరూ గుర్తు పెట్టకపోతే దాటదు. పెద్ద ఇంగ్లిష్ ఛానళ్లకి గుర్తులు పెట్టేవాళ్లకి కొదవలేదు. మన ఇంటర్ లెక్కల వీడియోకి ఎవరున్నారు? నువ్వే ఉండాలి. ముందురోజు సాయంత్రం పాఠం మొత్తం చూడు, దొర్లించుకుంటూ పోకు. ప్రకటన ఉన్నచోట గుర్తు పెట్టి, ఆ ముక్క చివరి సెకను సరిచూసుకో, సూత్రం తెగిపోకూడదు. నువ్వు పెట్టిన గుర్తు ఇంకో ఊళ్లో ఆ పాఠం చూసే పిల్లలకీ పనికొస్తుంది.

పాఠం నడుస్తున్నంతసేపూ గదిలోనే ఉండు. గుర్తు లేని ముక్క వస్తే కీబోర్డులో ఎల్ నొక్కు, పది సెకన్లు ముందుకు పోతుంది. తర్వాత వీడియో ఆపి, ఆయన ఇది డబ్బు తీసుకుని చెబుతున్నాడని పిల్లలకి విడమరిచి చెప్పు. లెక్క బాగా చెబుతాడు, ఆ మాట మాత్రం నమ్మొద్దని చెప్పు.

చిన్నప్పుడు లెక్క తేలేదాకా నన్ను నిద్రపోనిచ్చేదానివి కాదు. ఆ మొండితనం ఇప్పుడు పనికొస్తుంది. పాఠాల లిస్టు నాకు పంపు. నాకెలాగూ తెల్లారుజామునే మెలకువ వస్తుంది, ట్రిగనామెట్రీవన్నీ నేను చూసి గుర్తులు పెడతాను.

మీ పెదనాన్న