రోమ్‌లో పోయింది లక్షా 35 వేలు, నెత్తి మీద అప్పు 3 లక్షలు

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. మే నెలలో ఇటలీ వెళ్లాం. రోమ్‌లో టెర్మినీ స్టేషన్ దగ్గర నా బ్యాగు కొట్టేశారు. 70 వేల రూపాయల విలువైన యూరోలు, 65 వేల ఫోను, నా పాస్‌పోర్టు పోయాయి. నా భార్య దగ్గరున్న క్రెడిట్ కార్డుతో ఏటీఎంలలో లక్ష రూపాయల దాకా తీశాం. ఇంటికొచ్చాక ఫోనుకీ బాబు స్కూలు ఫీజుకీ ఓ యాప్‌లో 28 శాతం వడ్డీకి 2 లక్షలు తీసుకున్నాను, 12 నెలల్లో తీర్చాలి. కార్డుకి మినిమం డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం కడుతున్నాను. ఇంటి ఖర్చు నెలకు 90 వేలు. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ అది బాబు పై చదువుకి. ఇంకో పర్సనల్ లోన్ తీసి షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్‌లో పెడితే పోయింది తిరిగొస్తుందని కొలీగ్ అంటున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: పరాయి దేశంలో, పోలీస్ స్టేషన్ బెంచీ మీద పిల్లాడు ఒళ్లో నిద్రపోతుంటే ఫిర్యాదు రాయించడం ఎంత కష్టమో ఊహించగలను. ముగ్గురూ క్షేమంగా వచ్చారు. మీ ఇంటి ఖర్చు నెలకు 90 వేలని రాశారు. అంటే దొంగ పట్టుకెళ్లింది నెలన్నర ఖర్చు. బాధే, కానీ ఏడాదిలో మరిచిపోగలిగిన బాధ.

ఆ తర్వాత జరిగిందే నన్ను కలవరపెడుతోంది. మీరు పంపిన కార్డు స్టేట్‌మెంట్ చూడండి. క్యాష్ తీసినందుకు ఫీజు 2,500. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 3,500. జీఎస్‌టీతో కలిపి మొదటి నెలకే 7,080. వస్తువు కొంటే దొరికే గడువు క్యాష్‌కి ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ. మినిమం డ్యూ కడితే లేటు ఫీజు తప్పుతుందేమో, అసలు దాదాపు కదలదు. ఇంకో పక్క మీ ఎఫ్‌డీ 7 శాతం సంపాదిస్తూ భద్రంగా కూర్చుంది! నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే. ఎఫ్‌డీకి పిల్లాడి పేరు పెట్టుకుంటారు, ఇక దాన్ని ముట్టుకోరు. ఆపద కోసమని విడిగా పైసా ఉండదు. అడిగితే ఇంటి ఓనర్ దగ్గర అడ్వాన్స్ ఉంది కదా అంటారు. ఇల్లు ఖాళీ చేస్తే తప్ప రాని డబ్బు ఎమర్జెన్సీ ఫండ్ ఎలా అవుతుంది?

ఈ వారమే ఎఫ్‌డీ తీసేయండి. ముందు కార్డు బాకీ మొత్తం, మిగిలినదాంతో యాప్ లోన్ కట్టండి. ముందే తీర్చినందుకు ఛార్జీ ఎంతో అడిగి చూసుకోండి. బాబు పై చదువుకి ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి.

ఆప్షన్స్ మాట వద్దు. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. అదీ అప్పు తెచ్చి ఆడటమా? ఆ కొలీగ్ మీ ఈఎంఐ కట్టడు.

ఇప్పుడు అసలు సంగతి. యాప్‌కి నెలనెలా 19,300 కడుతున్నారు. లోన్ తీరాక అదే తేదీకి అంతే డబ్బు వేరే బ్యాంకు ఖాతాలోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. 28 నెలలకు 5 లక్షల 40 వేలు, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు. బోనస్ వేస్తే ఇంకా ముందే. ఆ ఖాతా డెబిట్ కార్డు పర్సులో ఉండకూడదు, యూపీఐకి కలపకూడదు. మీ శ్రీమతికి మాత్రం దాన్ని ఎలా వాడాలో తెలిసి ఉండాలి. ఆ రోజు ఫోను, పాస్‌వర్డులు అన్నీ మీ ఒక్కరి బ్యాగులోనే ఉన్నాయి కదా. మొదటి లక్ష చేరేదాకా కొత్త టూర్ బుక్ చేయకండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. ఇటలీ లాంటి యూరప్ దేశాలకు తీసుకునే షెంగెన్ వీసాకి అడిగే 30 వేల యూరోల కవరేజీ వైద్యానికి, దొంగతనానికి కాదు. మీ పాలసీలో పాస్‌పోర్టు పోతే ఇచ్చే క్లాజ్ ఉంటే, ఇటలీ పోలీసుల కాగితంతో వెంటనే క్లెయిమ్ పెట్టండి. పోయిన క్యాష్ మీద ఆశ పెట్టుకోవద్దు.

యాప్ లోన్ తీరిన రోజే బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకోండి. రెండు నెలలయ్యాక మీ అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ఆ లోన్ క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకోండి. పడకపోతే నాకు మళ్లీ రాయండి.