చిన్న ఇంజిన్ కొనే ముందు

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

బల్ల మీద బొమ్మ రైలుతో షంటింగ్ ఆట (వ్యాగన్లను లైన్లు మార్చి వరస పేర్చడం) కోసం ఏ ఇంజిన్ కొనాలని అడుగుతూ నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూశాను. మొదటిది, ఆ ఆరు ఇరుసుల పెద్ద డీజిల్, చూడటానికి బాగానే ఉంది. కొనవద్దు. నీ బల్ల పొడవు ఆరడుగులు. నువ్వు వేయబోయే ఇంగిల్‌నుక్ పద్ధతిలో, అదే మూడు లైన్ల షంటింగ్ ఆటలో, ఒక లైనులో అయిదు వ్యాగన్లు, మిగతా రెండింటిలో మూడేసి పట్టాలి. ముందున్న షంటింగ్ లైనులో ఇంజిన్‌తో పాటు మూడు వ్యాగన్లకు చోటుండాలి. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో, ఆ పెద్దది ఒక్కటే తొమ్మిదిన్నర అంగుళాలు మింగేస్తుంది. రెండో ఫొటోలోని చిన్న షంటింగ్ డీజిల్ ఎస్‌డబ్ల్యూ 1500 అయితే ఆరు అంగుళాలు దాటి కొంచెం, అంతే.

మూడో ఫొటోలోని 44 టన్నుల జీఈ (జనరల్ ఎలక్ట్రిక్) బుజ్జి ఇంజిన్ మీద నీకు మనసున్నట్టుంది. దాని కథ నాకూ ఇష్టమే. అమెరికాలో 1937 ఒప్పందం ప్రకారం 90,000 పౌండ్లు, ఆపైన బరువున్న ఇంజిన్‌లో డ్రైవరుతో పాటు ఫైర్‌మన్ అనే సహాయకుడు కూడా ఉండాల్సి వచ్చేది. వాళ్ళ టన్ను 2,000 పౌండ్లు కాబట్టి 44 దగ్గర ఆపి, ఒక జీతం మిగుల్చుకున్నారు. అయితే అసలు ఇంజిన్‌కు కలిసొచ్చిన ఆ తక్కువ బరువు బొమ్మ ఇంజిన్‌కు శాపం. చక్రాలు పట్టాలను గట్టిగా అదమవు, కరెంటు సరిగా అందదు.

షంటింగ్‌లో చూడాల్సింది వేగం కాదు, నిదానం. మా రోజుల్లో యార్డులో గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదు. వ్యాగన్‌కు తగిలించేటప్పుడు మనిషి నడకకన్నా నెమ్మది. ఆ లెక్కను 87తో భాగించు. నీ బల్ల మీద ఇంజిన్ ఒక మీటరు దాటడానికి 15 కిలోమీటర్ల వేగంలో దాదాపు 21 సెకన్లు పట్టాలి, నడక వేగంలో నిమిషం పైనే. కొనే ముందు దుకాణంలో అడిగి నడిపించు. పట్టా పక్కన మీటరు స్కేలు పెట్టి గడియారం చూడు. నిమిషం పాటు ఆగకుండా, కుదుపు లేకుండా పాకితే అది షంటింగ్ ఇంజిన్. పదిహేను సెకన్లలో దూసుకుపోయి, కొంచెం తగ్గించగానే ఆగిపోయేదైతే ఎంత చవకైనా వదిలేయ్.

నేను మొదట కొన్నది అలాంటిదే. పాయింట్ల (పట్టాలు రెండుగా చీలే చోట్ల) మధ్యన, మనం క్రాసింగ్ అనే చోట, ప్లాస్టిక్ ముక్క ఉండేది. దాని మీదికి రాగానే ముందు దీపం రెండుసార్లు మిణికి ఆరిపోయేది, ఇంజిన్ నిలబడిపోయేది. వేలితో తోస్తే మళ్ళీ కదిలేది. ఆట మొత్తం తోయడంతోనే సరిపోయింది. తర్వాత బోర్లా తిప్పి చూస్తే ఎనిమిది చక్రాల్లో నాలుగే కరెంటు తీసుకుంటున్నాయి. పట్టు కోసం రెండింటికి రబ్బరు తొడుగులు కూడా వేశారు. రబ్బరున్న చక్రం లాగుతుంది గానీ కరెంటు తీసుకోదు. కాబట్టి అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకునేది, బరువుగా ఉండేది, మోటారుకు ఫ్లైవీల్ (కుదుపు లేకుండా తిప్పే బరువు చక్రం) ఉన్నది అడుగు. క్రాసింగ్‌కు కరెంటు వెళ్ళే రకం పాయింట్లు కొను.

డీసీసీ, అదే పట్టాల గుండా ఇంజిన్‌కు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి, పెట్టుకుంటానన్నావు, పెట్టుకో. శబ్దానికి మాత్రం డబ్బు తగలేయకు. ఒక్క ఇంజిన్ గంటసేపు గుర్రుమంటుంటే మీ అమ్మ ఊరుకోదు. ఆ డబ్బుతో డీకోడర్‌కు (ఇంజిన్‌లో ఆ ఆదేశాలు అందుకునే చిప్పుకు) కాస్త కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్ జోడించు. క్షణం కరెంటు పోయినా ఇంజిన్ ఆగదు.

కప్లర్ల (ఇంజిన్‌నూ వ్యాగన్లనూ తగిలించే కొక్కేల) ఎత్తు అన్నిటికీ ఒకటేనా అని కూడా చూసుకో. ఒకటి కిందికి వాలినా మాటిమాటికీ ఊడిపోతుంది.

ఇంకొకటి, మీ ఫ్లాటు బీచ్ రోడ్డుకు దగ్గర. బల్లను బాల్కనీలో పెట్టకు. ఉప్పుగాలికి పట్టాలు నల్లబడతాయి. ఇత్తడి పట్టాలు అసలే వద్దు, నికెల్ సిల్వర్‌వి తీసుకో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ తడిపి తుడువు. గరుకు కాగితంతో రుద్దితే పడే గీతల్లోనే మళ్ళీ మురికి చేరుతుంది.

వైజాగ్ స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు ఇంజిన్ విప్పి రెండో చివర తగిలించడం చూద్దామని చిన్నప్పుడు నా చొక్కా పట్టుకుని లాగేవాడివి. ఆ పిచ్చి ఇంకా పోలేదంటే నాకు సంతోషమే. ఎస్‌డబ్ల్యూ 1500కే నా ఓటు. డబ్బు కట్టకముందే ఫోను చెయ్యి, దుకాణానికి నేనూ వస్తాను. మీటరు స్కేలు నువ్వు తీసుకురా, గడియారం నా చేతికి ఉంది.

మీ పెదనాన్న
కంచరపాలెం