పిల్లికి పట్టింది బెదురు కాదు, కుక్క మందు

సందేహం: కాపలాకు కుక్కను పెంచుతున్నాం. ఎలుకల బెడద ఎక్కువైందని రెండు నెలల కిందట పిల్లిపిల్లను తెచ్చాం. ఇప్పుడు 2 కిలోల బరువుంటుంది. మొదట్లో కుక్క దాన్ని తరిమేది, ఈమధ్య తగ్గించింది. రాత్రిళ్లు రెండూ ఒకేచోట పడుకుంటున్నాయి కూడా. నిన్న సాయంత్రం నుంచి పిల్లి చెవులు, వీపు మీద చర్మం అదురుతున్నాయి. చొంగ కారుతోంది. ముట్టుకుంటే ఉలిక్కిపడి మంచం కిందికి దూరుతోంది. తిండి మానేసింది. కుక్క మళ్లీ బెదిరించి ఉంటుందని మా అనుమానం. రెండింటికీ పేలు పట్టాయంటే మందుల షాపు అతను 1 మి.లీ. ట్యూబు ఒకటి ఇచ్చాడు. నిన్న మధ్యాహ్నం చెరి సగం మెడ మీద వేశాం. బెదురు తగ్గడానికి ఏం వాడాలి? అసలు రెండింటినీ ఒకే ఇంట్లో పెంచవచ్చా?
– ఒక రైతు

సలహా: మీ పిల్లికి ఉన్నది బెదురు కాదు. బెదిరిన పిల్లి దాక్కుంటుంది, బుసకొడుతుంది, ఒళ్లంతా వెంట్రుకలు లేపుతుంది. దాని చెవులూ చర్మమూ ఆగకుండా అదరవు. కుక్క సంగతి పక్కనపెట్టి ఆ ట్యూబు మీద ఏం రాసుందో చదవమని మీకు ఫోన్‌లోనే చెప్పాం. పెర్మెత్రిన్ (పేలను చంపే మందు), ‘కుక్కలకు మాత్రమే’ అని ఉంది. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమని అప్పుడే చెప్పాం. కుక్కా పిల్లీ కలిపి పెంచే మిగతావాళ్లకు కూడా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాం.

కుక్క కాలేయం పెర్మెత్రిన్‌ను విరిచేసి బయటకు పంపగలదు. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మెడ మీద వేసే కుక్కల ట్యూబుల్లో ఈ మందు సాధారణంగా 45 నుంచి 65 శాతం ఉంటుంది. తక్కువలో తక్కువ 45 శాతమే అనుకున్నా, అర మి.లీ.లో 225 మి.గ్రా. వెళ్లింది. 2 కిలోల పిల్లికి అంటే కిలోకు 110 మి.గ్రా. పైమాటే. కిలోకు 100 మి.గ్రా. దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది. ‘సగమే కదా వేశాం’ అని సరిపెట్టుకోవడానికి లేదు.

లక్షణాలు కొన్ని గంటల్లోనే మొదలుకావచ్చు, ఒక్కోసారి రోజు దాటాక కూడా బయటపడతాయి. ఫిట్స్ లేకపోతే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో మెడ, వీపు బాగా రుద్ది కడగాలి. వేడినీళ్లు పోస్తే మందు ఇంకా లోపలికి పోతుంది, చన్నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడి వణుకు పెరుగుతుంది. కడిగాక తుడిచి గుడ్డలో చుట్టండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు, నోట్లో నూనె గానీ పాలు గానీ పోయవద్దు. ఫిట్స్ వస్తుంటే కడగడం ఆపి నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఖాళీ ట్యూబు కూడా పట్టుకెళ్లండి. దీనికి విరుగుడు ఇంజక్షన్ లేదు. వణుకును అదుపు చేయడానికి డాక్టర్లు మెథోకార్బమాల్ కిలోకు 55 నుంచి 220 మి.గ్రా. నరానికి నెమ్మదిగా ఇస్తారు, రోజు మొత్తానికి కిలోకు 330 మి.గ్రా. దాటనివ్వరు. చొంగ చూసి అట్రోపిన్ పొడవమని అడిగేవాళ్లుంటారు. అది ఆర్గానోఫాస్ఫేట్ (మరో రకం పురుగుమందు) విషానికి, దీనికి కాదు. సకాలంలో వైద్యం అందితే చాలా పిల్లులు రెండు మూడు రోజుల్లో తేరుకుంటాయి.

కౌంటర్ వెనక నిలబడిన మనిషి పిల్లిని చూడలేదు, బరువు అడగలేదు, ట్యూబు మీద అక్షరాలు కూడా చదవలేదు. ఇలాంటి సలహాల వల్ల చచ్చే పిల్లులు కుక్క కాటుకు చచ్చేవాటికంటే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. పశువుల పిడుదులకు పిచికారీ చేసే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ కూడా ఈ జాతివే. కొట్టం ఆరేదాకా పిల్లిని అటు పోనివ్వకండి. జ్వరం అనుకుని పారాసెటమాల్ వేసేవాళ్లూ ఉన్నారు. 500 మి.గ్రా. బిళ్ల ఒక్కటి చాలు, పిల్లి చచ్చిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. పెంచవచ్చు, నిక్షేపంగా. పక్కపక్కన పడుకునేదాకా వచ్చాయంటే మీ ఇంట్లో సగం పని అయిపోయింది. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. పిల్లి కుక్క మెడ నాకుతుంది, దాన్ని ఒరుసుకుని పడుకుంటుంది. కుక్కకు వేసిన మందు అలా పిల్లి ఒంట్లోకి చేరుతుంది. కాబట్టి మీ కుక్క మెడ మీద ఉన్న ఆ మిగతా సగం మందు సంగతి కూడా చూడాలి. వేసిన దగ్గర్నుంచి 72 గంటలు రెండింటినీ వేరువేరు గదుల్లో ఉంచండి. ఇకమీదట ఆ ఇంట్లోకి పెర్మెత్రిన్ రావద్దు.

పేలు పోవాలంటే పిల్లి నయమయ్యాక, డాక్టరు సరే అన్నాకే, పిల్లుల కోసం తయారైన ఫిప్రోనిల్ 0.5 మి.లీ. ట్యూబు నాలుక అందని చోట, తల వెనక చర్మం మీద వేయండి. 8 వారాలు దాటిన పిల్లలకే ఇది. కుక్కకు దాని బరువుకు తగిన కుక్కల ఫిప్రోనిల్ అదే రోజు వేయండి. నెలకోసారి చొప్పున మూడు నెలలు మానొద్దు, ఎందుకంటే గుడ్లు, గూళ్లు పక్కగుడ్డల్లో, నేల పగుళ్లలో మిగిలే ఉంటాయి. పక్కగుడ్డలు వారానికోసారి బాగా వేడినీళ్లలో ఉతకండి. ఈ పేలు మింగితే బద్దె పురుగులు పడతాయి, నట్టల మందు రెండింటికీ కలిపే వేయించండి.

కొత్తగా తెచ్చేవాళ్లు మొదటి వారం పది రోజులు పిల్లిని వేరే గదిలో పెట్టి, ఒకదాని పక్కగుడ్డ ఇంకొకదాని దగ్గర వేయాలి. తర్వాత కుక్కను తాడుతో పట్టుకుని దూరం నుంచి చూపించాలి. కుక్క నోరు మూసి, ఒళ్లు బిగబట్టి, రెప్ప వేయకుండా చూస్తోందంటే అది వేట చూపు, ఆ రోజుకు ఆపేయండి. పిల్లిని చేతుల్లో పట్టుకుని కుక్క ముఖం ముందు పెట్టేవాళ్లున్నారు, గోళ్లకు కుక్క కన్ను పోతుంది. ఎగిరి ఎక్కడానికి పిల్లికి ఎత్తయిన చోటు ఉండాలి, దాని తిండీ అక్కడే పెట్టాలి. కుక్క తిండి మీద పిల్లిని బతికించవద్దు. అందులో పిల్లికి సరిపడా టారిన్ అనే పోషకం ఉండదు, చూపూ గుండే దెబ్బతింటాయి.

టీకాల మాట మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయిస్తున్నారనే అనుకుంటాను. పిల్లికీ అది తప్పనిసరి, 3 నెలలు నిండాక ఒకటి, ఆ తర్వాత ఏటా ఒకటి. వణుకు పూర్తిగా తగ్గి మామూలుగా తినడం మొదలుపెట్టిన వారం తర్వాత తీసుకెళ్లండి.