తనిఖీ దగ్గర "బాంబు" అన్న మాట: అది హైజాక్ నేరమవుతుందా?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గరి పల్లె. మా అన్న చాలా ఏళ్లుగా దుబాయిలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. సెలవు ముగిసి తిరిగి వెళ్లేటప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దగ్గర అతని సంచిని పదేపదే విప్పించారు. విసిగిపోయి "అందుల బాంబులేం లేవు సారూ, మంచిగ చూస్కోండి" అన్నాడు. వెంటనే పక్కకు తీసుకుపోయి గంటల తరబడి ప్రశ్నించారు. సంచిలో ఏమీ దొరకలేదు. అయినా విమానం వెళ్లిపోయింది. తర్వాత పోలీసులకు అప్పగించారు. వారు ఏదో కాగితంపై సంతకం చేయించుకొని, ఫోన్ తమ దగ్గరే ఉంచుకొని పంపేశారు. ఇప్పుడు విచారణ ముగిసే వరకు తమ విమానాల్లో ప్రయాణించరాదని ఎయిర్‌లైన్ నుంచి మెయిల్ వచ్చింది. ఇది హైజాక్ కేసు అవుతుందని, యావజ్జీవం పడుతుందని ఊర్లో భయపెడుతున్నారు. భద్రత పేరు చెప్పి ప్రయాణికుణ్ణి ఏమైనా చేయవచ్చా?

జవాబు: ముందుగా మీ ఇంట్లోవారి భయం తీరాలి. మీరు రాసిన సంగతులే నిజమైతే, ఇది హైజాక్ కేసు కాదు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2016 నాటి హైజాకింగ్ నిరోధక చట్టం. 1982 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన ఇది 2017 జూలై 5 నుంచి అమలవుతోంది. బలప్రయోగంతో గానీ, బెదిరింపుతో గానీ, సాంకేతిక సాధనాలతో గానీ సేవలో ఉన్న విమానాన్ని ఉద్దేశపూర్వకంగా, చట్టవిరుద్ధంగా తన అదుపులోకి తెచ్చుకోవడం ఈ చట్టం దృష్టిలో హైజాకింగ్. "సేవలో ఉన్న" అన్నదానికి పరిధి చాలా పెద్దది. విమానాన్ని ఆ ప్రయాణానికి సిద్ధం చేయడం మొదలైనప్పటి నుంచి, దిగిన తర్వాత 24 గంటల వరకు అది సేవలో ఉన్నట్లే లెక్క. అలా చేస్తానని బెదిరించడం కూడా నేరమే. కానీ ఆ బెదిరింపు నమ్మదగినదని సూచించే పరిస్థితులు ఉండాలని చట్టమే చెబుతోంది. మీ అన్నగారు విమానాన్ని ఏదో చేస్తానని అనలేదు, బాంబు ఉందని కూడా అనలేదు, లేదని అన్నారు. పైగా ఈ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి లేనిదే ప్రాసిక్యూషన్ నడవదు. విసుగుతో అన్న ఒక్క మాటపై ఆ అనుమతి వస్తుందని నేను అనుకోను.

అయితే ఊర్లోవారి భయం ఊరికే పుట్టింది కాదు. ఈ చట్టం కింద తొలి శిక్ష పడింది తుపాకీ పట్టినవానికి కాదు, విమానం మరుగుదొడ్డిలో బెదిరింపు చీటీ పెట్టాడన్న ఆరోపణపై ఒక ప్రయాణికునికి. 2017 అక్టోబరులో ముంబయి నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానాన్ని ఆ చీటీ కారణంగా అహ్మదాబాద్‌లో దించవలసి వచ్చింది. 2019లో అక్కడి జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ప్రత్యేక న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్షతో పాటు 5 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆరోపణ రుజువు కాలేదంటూ 2023లో గుజరాత్ హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. శిక్ష ఎంత తీవ్రమైనదో, రుజువు కూడా అంత గట్టిగా ఉండాలన్నది ఆ కేసు చెప్పే సంగతి.

పోలీసులు ఒకవేళ మరో చట్టం వైపు చూసినా, అక్కడా వారికి ఇబ్బందే. పౌర విమానయాన భద్రతకు సంబంధించిన 1982 నాటి మరో చట్టం ప్రకారం, అబద్ధమని తెలిసీ సమాచారం ఇచ్చి, ఎగురుతున్న విమానానికి ముప్పు తేవడం యావజ్జీవ శిక్ష పడే నేరం. మీ అన్నగారి మాట అబద్ధమూ కాదు, అప్పటికి విమానం ఎగరనూ లేదు. భారతీయ న్యాయ సంహితలోని 353వ సెక్షన్, అంటే ప్రజల్లో భయాందోళనలు రేపే తప్పుడు ప్రచారం, పెట్టే అవకాశం కొంత ఉంది. అందులోనూ ఉద్దేశం రుజువు కావాలి. దాని సాధారణ శిక్ష గరిష్ఠంగా మూడేళ్లే కాబట్టి, అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) సెక్షన్ నోటీసు ఇచ్చి పిలిపించాలే తప్ప అలవాటుగా అరెస్టు చేయకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న: భద్రత పేరు చెప్పి ఏమైనా చేయవచ్చా? 1999 డిసెంబరు 24న కాఠ్మాండూ నుంచి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఐసీ 814 విమానం హైజాక్ అయి అఫ్గానిస్తాన్‌లోని కాందహార్ చేరింది. డిసెంబరు 31న ముగ్గురు ఉగ్రవాదులను విడిచిపెడితే గానీ మిగిలిన బందీలు బయటపడలేదు, అప్పటికే ఒక ప్రయాణికుడు హతుడయ్యాడు. విమానాశ్రయాల కాపలాను రాష్ట్ర పోలీసుల నుంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళానికి, అంటే సీఐఎస్ఎఫ్‌కు, 2000 నుంచి అప్పగిస్తూ వచ్చింది ఆ ఘటన తర్వాతనే. ఆయుధం ఒకసారి విమానంలోకి చేరిన తర్వాత ఏ హక్కూ ఎవరినీ కాపాడలేదు గనుక, తనిఖీ దగ్గర అధికారికి విస్తృతమైన అధికారం ఉండడం నా దృష్టిలో సబబే. సంచి ఎన్నిసార్లు విప్పమన్నా విప్పాలి. తనిఖీకి ఒప్పుకోనివారిని విమానం ఎక్కనివ్వకపోవడం చట్టబద్ధమే. "బాంబు" అన్న పదం ఏ అర్థంలో వినపడినా ఆగి చూడడం సిబ్బంది విధి. ఆ క్షణంలో వారి తప్పు ఏమీ లేదని, చేదైనా, మీకు చెప్పక తప్పదు.

అయితే అధికారం విస్తృతమైనంత మాత్రాన హద్దులు లేవని కాదు. ప్రయాణించే స్వేచ్ఛ రాజ్యాంగం 21వ అధికరణలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, దానిని పరిమితం చేసే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని సుప్రీంకోర్టు 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. మహిళలను మహిళా సిబ్బందే, అదీ మూసివున్న గదిలోనే తడిమి చూడాలన్న నియమం ఈ సహేతుకత నుంచి వచ్చిందే. శబరిమలకు పోయే స్వాముల విషయమే చూడండి. కొబ్బరికాయను చేతిసంచిలో అనుమతించరు. కానీ 2024 అక్టోబరులో పౌర విమానయాన భద్రతా బ్యూరో ఎక్స్-రే, పేలుడు పదార్థాల పరీక్ష, చేతి తనిఖీ అనే షరతులతో, ఇరుముడిలోని కాయకు 2025 జనవరి 20 వరకు అనుమతి ఇచ్చింది. తనిఖీని ఒక్క మెట్టు కూడా తగ్గించకుండానే భక్తుల మాట మన్నించారు. ఇంతకంటే పెద్ద ప్రశ్న, అంటే హైజాక్ అయిన విమానాన్ని ప్రయాణికులతో సహా కూల్చవచ్చా అన్నది, జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ముందుకు వచ్చినప్పుడు, నిర్దోషుల ప్రాణాలను అలా లెక్కకట్టడం మానవ గౌరవానికి విరుద్ధమని 2006లో ఆ అధికారాన్ని కొట్టివేసింది. మన ప్రభుత్వం మాత్రం 2005 నాటి విధానంలో అత్యవసర పరిస్థితిలో అలా చేసే వీలు ఉంచుకుంది.

మీ అన్నగారి విషయంలో హద్దు దాటింది తనిఖీలో కాదు, ఆ తర్వాత. ఆపిన ప్రతి అధికారి కారణం చెప్పాలి, దానికి కాగితం ఉండాలి. అరెస్టు చేస్తే కారణాలు తెలపాలి, బంధువులకు కబురు చేయాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. అరెస్టు కాకపోతే ఏ హోదాలో అన్ని గంటలు కూర్చోబెట్టారో చెప్పవలసింది వారే. సంతకం సంగతి ఇంకా ముఖ్యమైనది: దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలంపై చెప్పినవారి సంతకం తీసుకోకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 181వ సెక్షన్ స్పష్టంగా అంటోంది. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా అది సాక్ష్యంగా చెల్లదు. ఒకవేళ ఆ కాగితం క్షమాపణ పత్రమైతే, దాన్ని ఎయిర్‌లైన్ తనకు అనుకూలంగా చూపవచ్చు. కాబట్టి ముందు ఆ కాగితం ఏమిటో తెలుసుకోండి.

శంషాబాద్‌లోని ఆర్‌జీఐ ఎయిర్‌పోర్ట్ పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ నమోదైందో లేదో రాతపూర్వకంగా అడగండి. నమోదై ఉంటే రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్‌లో కనపడాలి. ఫోన్‌కు స్వాధీన పంచనామా ఉందా, స్వాధీనం చేసుకున్న సంగతి మేజిస్ట్రేట్‌కు తెలిపారా అన్నవి కూడా అదే లేఖలో అడగండి. తెలిపి ఉంటే ఆ కోర్టులోనే అదే సురక్షా సంహిత 503వ సెక్షన్ కింద ఫోన్ తిరిగి ఇప్పించమని దరఖాస్తు వేయవచ్చు. దుబాయి యజమాని నంబరు, వీసా కాగితాలు అందులోనే ఉంటాయి గనుక దీన్ని మొదట చేయండి. తనిఖీ స్థలం సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని విమానాశ్రయ నిర్వాహకులకూ, సీఐఎస్ఎఫ్‌కూ రిజిస్టర్డ్ పోస్టులో ఆలస్యం లేకుండా రాయండి. సమాచార హక్కు చట్టంపై పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప సీఐఎస్ఎఫ్‌కు ఆ చట్టం నుంచి మినహాయింపు ఉంది.

ఎయిర్‌లైన్ నిషేధమే అన్నిటికంటే బలహీనంగా ఉంది. దురుసుగా ప్రవర్తించే ప్రయాణికుల కోసం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2017లో తెచ్చిన నియమాలు విమానం లోపలి ప్రవర్తనకు ఉద్దేశించినవి. విమానాశ్రయ ఆవరణలో జరిగింది భద్రతా సంస్థలు శిక్షా చట్టాల కింద చూసుకోవలసిన విషయమని అప్పుడే ప్రకటించారు. ఆ నియమాలే వర్తిస్తాయని వాదనకు ఒప్పుకున్నా, రిటైరైన జిల్లా, సెషన్స్ జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోతే ప్రయాణికుడు స్వేచ్ఛగా ఎగరవచ్చు. మాటల దురుసుతనానికి గరిష్ఠ నిషేధం మూడు నెలలే. నిషేధం విధిస్తే 60 రోజుల్లో అప్పీలు కమిటీకి, ఆపైన హైకోర్టుకు వెళ్లవచ్చు. ఏ నియమం కింద, ఏ కమిటీ ముందు విచారణ జరుగుతోందని మెయిల్‌కు జవాబుగా ఈ వారమే అడగండి.

టికెట్ డబ్బు మొత్తం వస్తుందని మాట ఇవ్వలేను. సీట్లకు మించి టికెట్లు అమ్మినప్పుడు ఇచ్చే పరిహారం ఇక్కడ వర్తించదు. కానీ ప్రయాణం చేయని టికెట్‌పై ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాల్సిందే. కమిటీ లేకుండా నిషేధం కొనసాగిస్తే అది సేవాలోపం కిందికి వస్తుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు శంషాబాద్ తిరగనక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయలలోపు గనుక రుసుము ఉండదు. గడువు ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్లు.