జత కట్టించే ముందు మామ మాట ఒకటి విను బిడ్డా

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మిద్దె మీద రేకుల షెడ్డు వేయించి పది చేపల ట్యాంకులు పెడుతున్నావట, నెత్తి మీద బుడిపె ఉండే ఫ్లవర్‌హార్న్ చేపకు ప్యారట్ చేపను జత కట్టించి పిల్లల్ని ఆన్‌లైన్‌లో అమ్ముతావట. "అచ్చం నీ పోలికే తమ్మీ" అని మురిసిపోయింది. నాకూ మురిపెంగానే ఉంది, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. నల్గొండలో నా రంగు చేపల షాపు నడిచే రోజుల్లో నీకు ఐదేండ్లు. స్టూల్ ఎక్కి అద్దానికి ముక్కు ఆనించి "మామా, ఇది నోరు ఎందుకు మూస్తలేదు?" అని అడిగావు. అది ప్యారట్ చేప. "నిన్ను చూసి నవ్వుతుంది బిడ్డా" అన్నాను. అబద్ధం చెప్పాను. దాని నోరు మూసుకోదు, అలాగే పుట్టించారు దాన్ని.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తా. కుళాయి నీళ్లయితే ఒక రోజు పట్టి ఉంచి గాలి మోటారు ఆడించు, క్లోరిన్ పోతుంది. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, గప్పీలు, మోలీలు, ఆఫ్రికా సిక్లిడ్‌లు లాంటి చేపలకు బాగానే పడతాయి. కొత్త ఫిల్టర్ నెల రోజులు నడిచాకే ట్యాంకు నిండా చేపలు వెయ్యాలి. మేత తక్కువైతే చేప చావదు, ఎక్కువైతే చస్తుంది. గాలి మోటారుకు ఇన్వర్టర్ తప్పనిసరి. ఇంకోటి, మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ట్యాంకులో నీళ్లే దాదాపు 190 కిలోలు. పది ట్యాంకులంటే దగ్గర దగ్గర రెండు టన్నులు, అద్దాలు స్టాండ్లు కాకుండా. మీ మిద్దె ఏ సంవత్సరం పోసిందో నాకు తెలుసు, స్లాబ్ చూడకుండా ఒక్క ట్యాంకు కూడా పైకి ఎక్కించకు.

ఇక అసలు సంగతి.

2008 ఎండాకాలంలో నేను ఇదే పని చేశాను. ప్యారట్ మగవి చాలావరకు గొడ్డువి, ఆడవి మాత్రం గుడ్లు పెడతాయి. ఫ్లవర్‌హార్న్ మగవాటిలోనూ పిల్లలు పుట్టించలేనివి ఎక్కువే, నా దగ్గర ఉన్నది మాత్రం పనిచేసింది. ట్యాంకు అడుగున షాబాద్ బండ ముక్క వేస్తే దాని మీద ప్యారట్ ఆడది వరసలు వరసలుగా గుడ్లు అంటించింది. మూడో రోజుకు పగిలాయి, ఇంకో వారం లోపు ఈదడం మొదలుపెట్టాయి, ఐదొందలకు తక్కువ ఉండవు. షాపుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ లోపలికి పిలిచి చూపించాను.

రెండు నెలలకు తేలింది అసలు రూపు. పదింట్లో ఒకటి చూడ్డానికి బాగుంది. మిగతావాటికి రంగు లేదు, నెత్తి మీద బుడిపె లేదు, కొన్నింటికి వెన్ను వంకర, కొన్నింటికి నోరు వంకర. అందులో ఒకటి నాకు ఇప్పటికీ కళ్లలో ఆడుతుంది. గోరంత చేప, మేత గింజ పడగానే అందరికంటే ముందు ఉరికేది, నోట్లో పట్టుకునేది, నోరు మూతపడక గింజ జారిపోయేది, వెనక వచ్చినది మింగేసేది. మళ్లీ ఉరికేది. పొట్ట లోపలికి పోయి తల ఒక్కటే మిగిలింది, అట్లా పద్దెనిమిది రోజులు బతికింది. ఎవరైనా అడిగితే "మన జిల్లా నీళ్లు కదా, ఫ్లోరైడు, మనుషుల ఎముకలే వంగుతుంటే చేపలెంత" అని నీళ్ల మీదికి నెట్టేశాను. పక్క ట్యాంకులో అవే బోరు నీళ్లలో గప్పీ పిల్లలు సూటిగా తిరుగుతున్నాయి. రోజూ చూస్తూనే ఉన్నాను.

బాగున్నవాటిని ఇంపోర్టెడ్ ఫ్లవర్‌హార్న్ అని చెప్పి మూడొందలకు ఒకటి అమ్మాను. మిర్యాలగూడ నుంచి ఒక పిల్లవాడు వాళ్ల నాన్నతో వచ్చి కొనుక్కపోయాడు, దాచుకున్న పది రూపాయల నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆరు నెలలకు చేపను కవర్లో పట్టుకొని మళ్లీ వచ్చాడు. చేప బూడిద రంగుకు తిరిగింది, తల చదునుగా ఉంది. "మేత సరిగ్గా లేదు" అని చెప్పి వాడికే రంగు మేత డబ్బా ఒకటి అమ్మాను.

మిగిలినవాటిని చంపడానికి చేతులు రాలేదు, పెంచడానికి ట్యాంకులు లేవు. వానాకాలంలో ఒక పొద్దుమూకి రంగు డబ్బాలో నింపుకొని స్కూటర్ మీద మన ఊరి చెరువుకు పోయి పోసేశాను. బతికిపోతాయిలే అనుకున్నాను, పుణ్యం చేసినట్టు తేలికగా ఇంటికొచ్చాను. ఆ ఏడు అలుగు పారింది. అలుగు దాటిన నీళ్లు వాగులోకి, వాగు నుంచి మూసీకి, మూసీ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణకు పోతాయని చిన్నప్పటి నుంచి తెలిసినవాణ్ణే. మరుసటి ఎండాకాలం చేపల సొసైటీవాళ్లు వలలు లాగినప్పుడు పెద్దాయన ఒకాయన నాకు కబురు పెట్టాడు, చేపల షాపాయనకు తెలుస్తుందని. బొచ్చె, రోహు పిల్లల్ని అప్పు చేసి తెచ్చి వదిలారు వాళ్లు. ఆయన చేతిలో జానెడు చేప, నుదురు ఉబ్బి, నోరు సగం తెరుచుకొని. "ఇదేం చేప సేటూ, పిల్లల్ని తింటదా?" అన్నాడు. ఆ ఏడు చేప తక్కువ పడింది. నీళ్లు తగ్గడం వల్లనా, నా డబ్బా వల్లనా, ఎవరు తేలుస్తారు? నేను మాత్రం "తెల్వదు" అని వచ్చేశాను. ఆయన పోయి చాన్నాళ్లయింది.

ఇప్పుడు చెరువుల్లో దెయ్యం చేపలు పడి వలలు చింపుతున్నాయని అంటున్నారు కదా, అవి దక్షిణ అమెరికావి, అద్దం నాకి శుభ్రం చేస్తాయని మా షాపులవాళ్లమే ఇంటింటికీ అమ్మాం.

అయితే క్రాసింగే చేయవద్దంటావా మామా అని అడుగుతావు. లేదు. గద్వాల దిక్కు పోయి చూడు, పత్తిలో ఆడ రకం మొక్క పువ్వు మీద మగ రకం మొక్క పువ్వు పుప్పొడిని చేత్తో అద్ది హైబ్రిడ్ విత్తనం తీస్తారు. సంచి మీద హైబ్రిడ్ అనే రాస్తారు, కొనే రైతుకు అదేంటో తెలుసు. అదే రైతుకు నకిలీ విత్తనం అంటగడితే ఏమవుతుందో కూడా మన దగ్గర చూశాం. ఫ్లవర్‌హార్న్ కూడా 1990ల్లో మలేషియాలో మధ్య అమెరికా సిక్లిడ్‌లను కలిపి తీసిందే, ఏ నదిలోనూ లేదు. దాన్ని దాని పేరుతో అమ్ము, ఎవరూ తప్పు పట్టరు. నా భయం పేరు మార్చి అమ్మే చేప గురించి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు పీకాక్ చేపలలో ఏ జాతి ఆడదైనా ఒకేలా బూడిద రంగులో ఉంటుంది, అన్నీ ఒకే ట్యాంకులో వేస్తే పుట్టినవి ఎవరి పిల్లలో నువ్వు కూడా చెప్పలేవు, కొన్నవాడు అసలు జాతి అనుకొని మళ్లీ పిల్లలు తీస్తాడు. ఎండ్లర్ చేపకు 2005లో విడి జాతిగా పేరు పెట్టారు, అది గప్పీతో ఇట్టే కలిసిపోతుంది. అందుకే దాన్ని పెంచేవాళ్లు మూడు అక్షరాలు పెట్టుకున్నారు: వంశం తెలిసినదానికి ఎన్, చూడ్డానికి అసలుదిలా ఉన్నదానికి పి, కలిసిందని తెలిసినదానికి కె. నువ్వూ అట్లా ప్రతి ట్యాంకుకు ఒక చీటీ అంటించు, తల్లి ఏది, తండ్రి ఏది, ఏ రోజు గుడ్లు పెట్టింది.

రంగు బాగుంటే ఒళ్లు బాగున్నట్టు కాదని కూడా గుర్తుపెట్టుకో. ప్లాటీ చేపను స్వోర్డ్‌టెయిల్ చేపతో కలిపి, ఆ పిల్లల్ని మళ్లీ స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే కొన్నింటికి నల్లమచ్చలు పెరిగి చర్మ క్యాన్సర్ అవుతుందని 1920ల్లోనే కనిపెట్టారు.

ప్యారట్ మాత్రం వద్దు బిడ్డా. 1980ల్లో తైవాన్‌లో తీశారు దాన్ని, నోటితో సరిగ్గా నమలలేదు, గొంతులో పళ్లతో నలుపుకొని తింటుంది. తోక కత్తిరించి హార్ట్ ప్యారట్ అని, రంగు సూది గుచ్చి ఇంకేదో అని అమ్మేవాళ్లు వస్తారు నీ దగ్గరికి, గుమ్మం ఎక్కనియ్యకు.

ఫ్లవర్‌హార్న్ తీస్తావా, తియ్యి. గుడ్లు పెట్టిన రోజే బండ మీద ఒక మూల యాభై గుడ్లు ఉంచి మిగతావి గీకేసెయ్. ఐదొందలు పెంచే తాహతు నీకూ లేదు, నాకూ లేదు. వంకరవి పుడితే లవంగ నూనె నీళ్లలో బాగా చిలికి, మోతాదు ఎక్కువ చేసి అందులో వెయ్యి, నిద్రలోనే పోతాయి. ఏడుపొస్తుంది, ఏడువు. చెరువు దిక్కు మాత్రం పోకు.

ఆదివారం టేపు పట్టుకొని వస్తాను, స్లాబ్ కొలిచాకే ట్యాంకులు ఎక్కిద్దాం. నా పాత స్పాంజ్ ఫిల్టర్లు ఆరు ఉన్నాయి, ఆ షాబాద్ బండ ముక్క కూడా ఉంది, తెస్తాను. చెరువు సంగతి ఇన్నేండ్లూ మీ అమ్మకు చెప్పలేదు. నేను వచ్చినప్పుడు నేనే చెప్తాను.

నీ మామ