లాయరు గారి జవాబు: సంతకం లేని నోటు

ప్రశ్న: లాయరు గారూ, మాది మామిడికుదురు దగ్గర పల్లె. రిగ్గులు చూస్తూ పెరిగాను. 1995 నాటి పాశర్లపూడి గ్యాస్ బావి మంట గురించి అమ్మ చెప్పగా విన్నాను. ఈ మధ్య పోటీ పరీక్షల పుస్తకంలో అమెరికాలో 1920ల నాటి ‘టీపాట్ డోమ్’ చమురు లీజుల కుంభకోణం గురించి చదివాను. లంచం తీసుకున్న మంత్రికి జైలుశిక్ష పడిందట, ఇచ్చిన చమురు వ్యాపారి ఎడ్వర్డ్ డోహెనీ మాత్రం నిర్దోషిగా బయటపడ్డాడట. లంచం ఒక్కటే కదా, ఇదెలా కుదిరింది?
– ఒక పాఠకురాలు, కోనసీమ

జవాబు: అమ్మా, డోహెనీ పుట్టుకతో ధనవంతుడు కాదు. వయసులో ఉండగా న్యూ మెక్సికో కొండల్లో వెండి, బంగారం వెతుకుతూ తిరిగాడు. మీరు చదివిన ఆ మంత్రి ఆల్బర్ట్ ఫాల్‌తో స్నేహం అక్కడిదే. 1892లో లాస్ ఏంజిలెస్‌లో ఒక బండి మీద తారులాంటి నల్లటి ముద్ద వెళ్తుంటే చూసి, ఎక్కడిదో ఆరా తీశాడు. కాన్‌ఫీల్డ్ అనే మిత్రుడితో కలిసి 400 డాలర్లకు స్థలం సంపాదించి, పలుగూ పారా పట్టి తవ్వాడు. లోతుకు పోయాక యూకలిప్టస్ దుంగకు మొన చెక్కి పొడిచారు. చమురు పడింది. (అక్కడ సాధారణంగా నేల ఎవరిదైతే కింద చమురూ వాళ్లదే. మన దగ్గర కొబ్బరితోట రైతుదైనా, అడుగున ఉన్నది ప్రభుత్వానిది.) తర్వాత మెక్సికో వెళ్లాడు. 1916లో అక్కడ సెర్రో అజూల్ బావి రోజుకు 2,60,000 పీపాల చమురు చిమ్మింది. ఆ కష్టాన్నీ తెగువనీ నేను తక్కువ చేయను.

1921లో ఫాల్ కేంద్రంలో మంత్రి అయ్యాడు. నౌకాదళం అవసరాల కోసం అట్టిపెట్టిన చమురు భూములు అతని చేతికొచ్చాయి. ఆ నవంబరులో డోహెనీ కొడుకు నెడ్ నల్ల సంచిలో లక్ష డాలర్ల నగదు తీసుకెళ్లి ఫాల్‌కి ఇచ్చాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్, బహిరంగ పోటీ లేకుండానే డోహెనీకి లీజుకు వెళ్లింది. దాని మీద పదికోట్ల డాలర్ల లాభం వస్తుందని ఆయనే చెప్పుకున్నాడు.

సెనేటర్ వాల్ష్ విచారణ మొదలుపెట్టాక, డబ్బు ఒక పత్రికాధిపతి ఇచ్చాడని ఫాల్ బొంకాడు. 1924 జనవరిలో డోహెనీ వచ్చి, ఇచ్చింది తానేనని, అది పాత స్నేహితుడికి అప్పని చెప్పాడు. రుజువుగా ఒక ప్రామిసరీ నోటు చూపించాడు. ఆ నోటు మీద ఫాల్ సంతకం లేదు, ఆ భాగం చిరిగి ఉంది! తాను చనిపోతే ఫాల్‌ని ఎవరూ బాకీ అడిగి ఇబ్బంది పెట్టకూడదని, తనే చింపి ఆ ముక్కను భార్యకిచ్చానన్నాడు.

నేను రాజోలు, అమలాపురం కోర్టుల్లో నోటు దావాలు నడిపినవాణ్ణి. మన వైపు అప్పిచ్చినవాడు రెవిన్యూ స్టాంపు మీద సంతకం సరిగా పడిందో లేదో వెలుతురులో పెట్టి మరీ చూసుకుంటాడు. మూడేళ్లు నిండేలోపు నోటు వెనక చెల్లు రాయించుకుంటాడు, లేదంటే కాలదోషం పడుతుంది. సంతకాన్ని చింపే ఋణదాతను నేను చూడలేదు. నా మటుకు నాకు అది లంచమే, సందేహం లేదు.

మరి ఎలా బయటపడ్డాడంటారా? ఇద్దరి విచారణలూ వేరువేరుగా, వేరువేరు జ్యూరీల ముందు జరిగాయి. లంచంగా పుచ్చుకున్నాడా అన్నది ఫాల్ కేసులో తేలాలి, లంచం ఇవ్వాలన్న ఉద్దేశంతోనే ఇచ్చాడా అన్నది డోహెనీ కేసులో తేలాలి. ఒక జ్యూరీ తీర్పుకి రెండోది కట్టుబడనక్కర్లేదు. 1929 అక్టోబరులో ఫాల్ దోషి అయ్యాడు. ఏడాది జైలు, లక్ష డాలర్ల జరిమానా. 1930 మార్చిలో డోహెనీ నిర్దోషి అన్నారు. అంతకు ముందు ఏడాదే నెడ్ తన ఇంట్లో తుపాకీ కాల్పులకు బలయ్యాడు. జ్యూరీకి కనిపించింది కొడుకుని పోగొట్టుకున్న 73 ఏళ్ల తండ్రి. ఆ జాలి పనిచేసిందనే నా నమ్మకం. కానీ సివిల్ దావాలో సంగతి వేరు. ఎల్క్ హిల్స్ లీజు అవినీతితో వచ్చిందని సుప్రీం కోర్టు 1927లోనే రద్దు చేసింది. పరీక్షలో ఇది తప్పక రాయండి.

మన దేశంలో అవినీతి నిరోధక చట్టానికి 2018లో జరిగిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరుగా నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంది.

ఇంకో మాట. 1930ల మధ్యలో డోహెనీ కంపెనీ ఆ లక్ష డాలర్ల బాకీ కిందే న్యూ మెక్సికోలో ఫాల్ ఇంటిని స్వాధీనం చేసుకుంది. స్నేహితుణ్ణి ఎవరూ పీడించకూడదని సంతకం చింపానన్న మనిషి కంపెనీయే, జైలు నుంచి వచ్చిన జబ్బు మనిషిని ఇల్లు ఖాళీ చేయించింది.